సిమెంటు శాశ్వతం, కర్ర తాత్కాలికం: ఈ మాట నిలవదు

యూనివర్సిటీలో విద్యార్థుల కోసం ఒక భవనాన్ని కర్రతో కడదామని మన జిల్లాల్లో ఎవరైనా అంటే జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. చెద తినేస్తుంది. నిప్పంటుకుంటుంది. తుఫానుకి ఎగిరిపోతుంది. అడవులు నరకాల్సి వస్తుంది. ఖర్చెక్కువ, పైగా కట్టేవాళ్ళు లేరు. ఈ ఐదు అభ్యంతరాల వెనక ఉన్న నమ్మకం ఒక్కటే: సిమెంటు కట్టడం శాశ్వతం, కర్ర కట్టడం తాత్కాలికం. ఇంజినీర్లు, అధికారులు, కాంట్రాక్టర్లు, తల్లిదండ్రులు అందరూ చర్చ లేకుండా ఒప్పేసుకున్న మాట ఇది. ఆ మాట తప్పు. దాని మూల్యాన్ని మన పిల్లలు తమ చదువుకాలంతో చెల్లిస్తున్నారు.

ఇప్పుడే ఈ మాట ఎత్తడానికి కారణముంది. విజయనగరం జిల్లా రామతీర్థం పక్కనే నెల్లిమర్ల. అక్కడ మహారాజా వైద్య కళాశాల ఉంది, ఆ మండలంలోనే సెంచూరియన్ యూనివర్సిటీ ఉంది. విజయనగరంలో 2007లో ఇంజినీరింగ్ కాలేజీగా మొదలైనది 2022లో జేఎన్‌టీయూ గురజాడ యూనివర్సిటీ అయింది. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ యూనివర్సిటీ నడుస్తోంది. మెంటాడ, దత్తిరాజేరు మండలాల్లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 560 ఎకరాలకు పైగా స్థలం కేటాయించారు. వచ్చే పదేళ్ళలో ఈ ప్రాంగణాల్లో హాస్టళ్ళు, రీడింగ్ హాళ్ళు, విద్యార్థి కేంద్రాలు ఇంకా లేస్తాయి. వాటిలో ఒకటైనా కర్రతో లేవాలి.

ఎలాంటి కట్టడం అడుగుతున్నానో ముందు స్పష్టం చేయాలి. పునాది, నేల అంతస్తు రాయితోనో కాంక్రీటుతోనో కట్టాలి. స్నానాల గదులు, మరుగుదొడ్లు, మెట్లు కూడా అంతే. ఆ పైన మూడు నాలుగు అంతస్తుల స్తంభాలు, దూలాలు, అంతస్తుల నేలలు కర్రవి. చెట్టు మానుని కోసి నేరుగా నిలబెట్టే పని కాదిది. పలకల్ని బాగా ఆరబెట్టి, పొర మీద పొర జిగురుతో అతికి, ప్రెస్సులో బిగించి ఈ దూలాలు చేస్తారు. నేలకు వాడే పెద్ద పలకల్లో ఒక పొర నిలువుగా, దాని మీది పొర అడ్డంగా వస్తుంది. అందుకే మామూలు చెక్కలా అది మెలి తిరగదు, పొడవునా చీలదు. కొలతలకు కోయడం, పైపులకు బెజ్జాలు పెట్టడం అంతా ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. క్యాంపస్‌కి వచ్చేవి తయారైన ముక్కలు. అక్కడ జరిగేది క్రేనుతో ఎత్తి బోల్టులు బిగించడం.

ఇది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే తరగతులు నడుస్తున్న క్యాంపస్‌లో కాంక్రీటు పని ఎలా సాగుతుందో చూడాలి. ఇసుక, కంకర, సిమెంటు, ఊచల లారీలు రోజూ పిల్లలు నడిచే దారిలోనే తిరుగుతాయి. స్లాబు వేస్తే కింద సెంట్రింగ్ రెండు మూడు వారాలు కదపకూడదు. కాంక్రీటుకి లెక్కల్లో చూపే బలం 28 రోజులకు వస్తుంది. మొదటి వారం పది రోజులైనా నీళ్ళు కొడుతుండాలి, అదీ హాస్టల్ కుళాయిలు ఎండిపోయే వేసవి నెలల్లో. ఒక అంతస్తు అయ్యాక మళ్ళీ ఇంకో అంతస్తు. మిక్సర్ చప్పుడు, ఊచలు కోసే చప్పుడు, టైల్స్ కోసే దుమ్ము పరీక్షల్లో కూడా ఆగవు. మధ్యలో బిల్లులు నిలిచిపోతే స్తంభాల పైన ఊచలు వానకు తడిసి తుప్పు పడుతూ ఏళ్ళ తరబడి నిలబడతాయి. డిగ్రీ మూడేళ్ళు, ఇంజినీరింగ్ నాలుగేళ్ళు. కొబ్బరికాయ కొట్టిన ఏడాది చేరిన విద్యార్థి రిబ్బను కత్తిరించే నాటికి సర్టిఫికెట్ తీసుకుని వెళ్ళిపోతాడు. ఎవరి పేరు చెప్పి కట్టారో వాళ్ళకి ఆ భవనం దుమ్ముగానే పరిచయం.

కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయాన్నే చూడండి. 2014 విభజన చట్టంలో హామీ ఇచ్చారు. చట్టం వచ్చి తరగతులు మొదలైంది 2019లో, అదీ ఆంధ్రా యూనివర్సిటీకి చెందిన పాత పీజీ కేంద్రం భవనాల్లో. శాశ్వత ప్రాంగణానికి శంకుస్థాపన జరిగింది 2023 ఆగస్టు 25న. అంటే మొదట చేరిన డిగ్రీ విద్యార్థుల చదువు పూర్తయ్యాక పునాదిరాయి పడింది. ఈ ఆలస్యానికి భూమి, నిధులు, నిర్ణయాలు కారణం. దాన్ని కాంక్రీటు నెత్తిన పెట్టడం న్యాయం కాదు. కానీ స్థలం, డబ్బు చేతికొచ్చాక కూడా పిల్లల్ని మరికొన్నేళ్ళు నిలబెట్టే పద్ధతి తప్ప ఇంకోటి ఆలోచించకపోవడానికి ఏ కారణమూ లేదు.

ఇంకో పద్ధతి ఉందని కెనడాలో వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీ చేసి చూపించింది. వేల మంది తిరిగే ఆ క్యాంపస్‌లో బ్రాక్ కామన్స్ అనే 18 అంతస్తుల హాస్టల్‌ని 2017లో తెరిచారు. 400 మందికి పైగా విద్యార్థులు అందులో ఉంటారు. నేల అంతస్తు, మెట్లూ లిఫ్టులూ ఉండే రెండు గోపురాలు కాంక్రీటువి. వాటిని ముందే కట్టుకున్నారు. మిగతా 17 అంతస్తుల కర్ర చట్రాన్ని, ముక్కలు చేరడం మొదలయ్యాక 70 రోజుల్లోపు బిగించేశారు. మనం 17 అంతస్తులు అడగడం లేదు. నాలుగంతస్తులు అడుగుతున్నాం. పెద్ద పని మొత్తం ఒక వేసవి సెలవుల్లో పూర్తవుతుందంటే, చదువు నడిచే నెలల్లో ఆ చోట చప్పుడుండదు. క్యాంపస్‌కి కర్ర ఇచ్చే మొదటి లాభం ఇది. కర్ర వద్దనేవాళ్ళు ఈ లాభాన్ని లెక్కలోకే తీసుకోరు.

ఇక అభ్యంతరాలు. మొదటిది చెద. మన నేలలో చెద ఉంది, నిజం. కాంక్రీటు హాస్టళ్ళలో తలుపు ద్వారబంధాల్ని, అల్మారాల్ని, లైబ్రరీ పుస్తకాల్ని తినేది కూడా ఆ చెదే. నేల పగులు లోంచి, గోడ మూల లోంచి కనపడకుండా పైకొస్తుంది. అంటే చెద సమస్య కర్ర భవనంతో పుట్టదు, సిమెంటు భవనంతో పోదు. దానికి విరుగుడు తెలిసిందే. భూమిలోంచి వచ్చే చెద వెలుగు తగలకుండా మట్టి దారి కట్టుకుని పైకి పాకుతుంది. ఎత్తయిన రాతి అరుగు మీద కర్ర స్తంభాన్ని లోహపు పాదంతో నిలబెడితే దాని మట్టి దారి కంటికి కనిపిస్తుంది, గీకి పారేయొచ్చు. పునాది మట్టికి మందు వేసే పద్ధతి ఐఎస్ 6313లో, కర్రకు మందు పట్టించే పద్ధతి ఐఎస్ 401లో ఉన్నాయి. వాన తగలని లోపలి కర్రకు బోరాక్స్, బోరిక్ ఆసిడ్ ద్రావణం సరిపోతుంది. ఇవి మన ప్రమాణాల సంస్థ పుస్తకాలే. తెరిచి చదవకుండా చెద పేరు చెప్పి చర్చ ముగించడం ఇంజినీరింగ్ కాదు.

చెద కన్నా గట్టి అభ్యంతరం తేమ. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. సింగపూర్ నన్యాంగ్ యూనివర్సిటీ 2023లో ప్రారంభించిన గాయా భవనం ఆరు అంతస్తుల కర్ర కట్టడం, విస్తీర్ణం 43,500 చదరపు మీటర్లు. తరవాత కొన్నిచోట్ల కర్ర మీద బూజు కనిపించిందని వార్తలొచ్చాయి. కర్ర వద్దనేవాళ్ళకి ఇది పెద్ద ఆయుధం. అయితే రెండు సంగతులు చూడాలి. సింగపూర్‌లో ఏటా కురిసే వాన విజయనగరం వానకు సుమారు రెట్టింపు, అక్కడ ఏడాదంతా తేమే. రెండోది, పైపైన పట్టే బూజు వేరు, కర్రని లోపల కుళ్ళబెట్టే శిలీంధ్రం వేరు. 20 శాతం కన్నా తక్కువ తేమ ఉన్న కర్ర కుళ్ళదు. గాయా నుంచి మనం నేర్చుకోవలసింది కర్రని వదిలేయమని కాదు. చూరు బాగా ముందుకు దింపమని, గోడకి గోడకి మధ్య గాలి ఆడనివ్వమని, నీటి పైపులు కర్రలోంచి కాక పక్కనుంచి తీసుకెళ్ళమని. చూరు దించి, చుట్టూ వసారా పెట్టి కట్టడం మన ఊళ్ళకి కొత్త విద్య కాదు. అద్దాల గోడలు, చదునైన కప్పులు వచ్చాక మనం వదిలేసిన విద్య.

రెండో అభ్యంతరం నిప్పు. పిల్లలుండే చోటు కాబట్టి తల్లిదండ్రుల భయం సహజం. దానికి లెక్కతోనే జవాబు చెప్పాలి. సన్నటి కర్ర త్వరగా మండుతుంది. అడుగు మందం ఉన్న అతుకు దూలం అలా మండదు. పైపొర బొగ్గవుతుంది, ఆ బొగ్గే లోపలి కర్రకి వేడి సోకకుండా అడ్డుపడుతుంది. కాలడం నిమిషానికి సుమారు 0.7 మిల్లీమీటర్ల చొప్పున లోపలికి పోతుంది. గంట సేపు మండితే పోయేది నాలుగు సెంటీమీటర్ల పైన. ఆ నాలుగు సెంటీమీటర్లు అదనంగా కలిపి దూలం కొలత నిర్ణయిస్తారు. మనం భయం లేకుండా వాడే ఇనుప గర్డరు మాత్రం 550 డిగ్రీల దగ్గర తన బలంలో దాదాపు సగం పోగొట్టుకుంటుంది. బ్రాక్ కామన్స్‌లో కర్ర మీద జిప్సం బోర్డు పొరలు కప్పి, ప్రతి గదికీ నీళ్ళు చల్లే స్ప్రింక్లర్లు పెట్టారు. అసలు హాస్టల్ అగ్నిప్రమాదాల్లో ప్రాణాలు తీసేది చాలావరకు పొగ. పరుపులు, తీగలు, ప్లాస్టిక్ మండి వచ్చే పొగ, తాళం వేసిన రెండో మెట్ల దారి. గోడ సిమెంటుదైనంత మాత్రాన ఆ తాళం తెరుచుకోదు. పిల్లల భద్రత నిజంగా కోరేవాళ్ళు ముందుగా స్ప్రింక్లర్లు, రెండు మెట్ల దారులు అడగాలి, కర్ర భవనానికైనా సిమెంటు భవనానికైనా.

మూడోది తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ చూసిన నేల ఇది. పలాస వైపు జీడిమామిడి, కొబ్బరి తోటలు నేలమట్టమైన సంగతి ఎవరూ మరచిపోలేదు. గాలి ఒత్తిడిని లెక్కించే ఐఎస్ 875 మూడో భాగం విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలిని ఆధారంగా తీసుకోమంటుంది. కర్ర బరువు కాంక్రీటు బరువులో అయిదో వంతు మాత్రమే. కాబట్టి గాలి దాన్ని పైకి లాగకుండా కప్పుని దూలానికి, దూలాన్ని స్తంభానికి, స్తంభాన్ని పునాదికి ఇనుప పట్టీలతో, బోల్టులతో కట్టెయ్యాలి. ఇది చేయాల్సిన పని, చేయగలిగిన పని. బరువొక్కటే రక్షణ అన్న నమ్మకం మన తీరానికి ఎప్పుడూ లేదు. శ్రీకాకుళం, విజయనగరం తీరపు చుట్టిళ్ళని తలుచుకోండి. గుండ్రటి మట్టిగోడ, నేలకి దగ్గరగా దిగే కప్పు, గాలి గుద్దుకోవడానికి మూలే ఉండదు. బరువుతో కాక ఆకారంతో, కట్టుతో గాలిని తట్టుకునే తెలివి అది. నేటి కర్ర భవనానికి కావలసింది అదే తెలివి, కొత్త బోల్టులతో.

తుఫాను మాట ఎత్తేవాళ్ళు సముద్రం చేసే ఇంకో పనిని మాత్రం ఎత్తరు. తీరం గాలిలో ఉప్పుంటుంది. ఆ ఉప్పు కాంక్రీటులోకి మెల్లగా దిగి లోపలి ఊచని చేరుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. లోపలినుంచి తోసి కాంక్రీటుని పగలగొడుతుంది. అప్పుడు స్లాబు పెచ్చులూడి మంచాల మీద పడుతుంది. పాతికేళ్ళు దాటని ప్రభుత్వ హాస్టళ్ళలో, బడుల్లో ఈ దృశ్యం ఎవరికి తెలియదు? ఉప్పుగాలికి కర్రలోని నారకి అలాంటి నష్టం లేదు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చెక్క మరబోట్లు ఏళ్ళ తరబడి ఉప్పునీళ్ళలోనే బతుకుతాయి. వాటిలో ఆ ఉప్పుకి తుప్పు పట్టేది మేకు. అందుకే కర్ర కట్టడంలో జింకు పూసిన, తుప్పు పట్టని బోల్టులు వాడాలి. శాశ్వతమని మనం పిలుచుకునే కాంక్రీటుకి మన తీరంలో శాశ్వతత్వం లేదు. చూసుకుంటే నిలుస్తుంది, చూసుకోకపోతే కూలుతుంది. కర్ర కూడా అంతే.

నాలుగో అభ్యంతరం అడవి. దీని వెనక నిజమైన చరిత్ర ఉంది. మన కొండల గుగ్గిలం చెట్లు ఒకప్పుడు రైలు పట్టాల కింద స్లీపర్లయ్యాయి. ఆ చెట్లు పోగొట్టుకున్న సవర, జాతాపు బిడ్డలే నేడు గిరిజన విశ్వవిద్యాలయంలో చేరుతున్నారు. వాళ్ళ కోసం వాళ్ళ అడవినే కొట్టి కడతామంటే నేను మొదట వ్యతిరేకిస్తాను. అయితే కర్ర అడవిలోనే దొరుకుతుందన్న రోజులు ఎప్పుడో పోయాయి. భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం ఇసుక నేలల్లో సరుగుడు తోటలున్నాయి. మెట్ట భూముల్లో నీలగిరి ఉంది. రైతు పెంచిన ఈ చెట్లని నాలుగైదేళ్ళకే కాగితం గుజ్జు కోసం, గుంజల కోసం నరికేస్తున్నారు. టన్నుకి మిల్లు ఎంతిస్తే అంత పుచ్చుకోవాల్సిన స్థితిలో రైతున్నాడు. ఆ చెట్టునే పది పదిహేనేళ్ళు పెంచి, పలకగా కోసి, భవనంలో పెడితే దాని విలువ వేరు. కాగితం కొద్దికాలానికే చిత్తయి, అందులోని కార్బన్ మళ్ళీ గాల్లో కలుస్తుంది. భవనంలోని కర్ర దాన్ని పట్టుకుని ఉంచుతుంది. ఆరిన కర్ర బరువులో సగం కార్బనే. ప్రపంచంలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీ నుంచి వస్తుంది. చంపావతి, నాగావళి ఇసుక తవ్వుతున్నప్పుడు, కొండలు పిండి చేసి కంకర తీస్తున్నప్పుడు అడవి గుర్తు రాని పర్యావరణ ప్రేమ, కర్ర మాట రాగానే మేలుకోవడం న్యాయం కాదు.

అడవి పేరుతో కర్రని వద్దనే ఈ వైఖరిని ప్రభుత్వమూ పాటించింది. కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన కట్టడాల్లో కర్ర వాడకాన్ని నిషేధించింది. ఆ నిషేధంతో ఒక తరం ఇంజినీర్లు కర్ర గురించి నేర్చుకోవడమే మానేశారు. 2020లో అదే శాఖ ఆ నిషేధాన్ని ఎత్తేసింది. 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళి ఆరో భాగంలో కర్రకీ వెదురుకీ ప్రత్యేక విభాగమే ఉంది. నియమం మారింది. అలవాటే మారలేదు.

అయిదోది ఖర్చు, నైపుణ్యం. ఇక్కడ ప్రత్యర్థుల మాటలో బలముంది, ఒప్పుకుంటాను. అతుకు దూలాలు, అడ్డపొరల పలకలు పెద్ద ఎత్తున చేసే పరిశ్రమ మన దగ్గర లేదు. ఐరోపా నుంచి ఓడలో తెచ్చుకుంటే రైతుకి లాభం లేదు, ఖజానాకి నష్టం. నీలగిరి ఆరేటప్పుడు చీలుతుంది, మెలి తిరుగుతుంది, సరుగుడూ మొండి కర్రే. మొదటి భవనం సిమెంటు దాని కన్నా ఎక్కువ ఖర్చే అవుతుంది. ఇవన్నీ నిజాలే. కానీ ఇవన్నీ యూనివర్సిటీ చేయాల్సిన పనులు. ఏ కర్రని ఎలా ఆరబెట్టాలి, ఏ జిగురు ఈ తేమకు నిలుస్తుంది, ఎంత బరువు మోస్తుంది అన్న పరీక్షలు సివిల్ ఇంజినీరింగ్ విభాగానివి కాకపోతే ఎవరివి? తన భవనాన్నే ప్రయోగశాల చేసుకోగల సంస్థ యూనివర్సిటీ ఒక్కటే. ఇక చేతి నైపుణ్యానికి ఈ ప్రాంతం పేదది కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మానుని తొలిచి వీణ చేసే కుటుంబాలున్నాయి. ఆ వీణకు 2011లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏటికొప్పాకలో అంకుడు కర్రకి ప్రాణం పోసేవాళ్ళున్నారు. మిల్లీమీటరు తేడా పట్టుకునే ఆ చూపు ఉన్న నేల మీద వడ్రంగి కొడుకు సెంట్రింగ్ కూలీ అయ్యాడంటే, నైపుణ్యం లేక కాదు, పని ఇచ్చేవాళ్ళు లేక.

చివరగా, ఈ ఐదింటికీ తల్లి అయిన ఆ నమ్మకం. రామతీర్థం గురుభక్తకొండ మీద బౌద్ధ విహారాల ఇటుక పునాదులు, భిక్షువులు ఉన్న గదుల వరసలు నేటికీ ఉన్నాయి. పక్కనే దుర్గకొండ మీద జైనుల గుహ ఉంది. ఒకరకంగా మన జిల్లాలో విద్యార్థి వసతుల్లో అత్యంత పాతవి ఇవే. చూడండి, ఇటుక, రాయి మిగిలాయి, కర్ర మిగల్లేదు అంటారు. మిగిలింది శిథిలం. మనుషులు వదిలేసి వెళ్ళాక ఇటుక విహారమూ గదిగా నిలవలేదు. ఏలూరు దగ్గర గుంటుపల్లిలో క్రీస్తుపూర్వపు గుండ్రటి చైత్య గుహలోకి వెళ్ళి పైకి చూస్తే, రాతి కప్పులో వాసాలు చెక్కి ఉంటాయి. రాయికి వాసాలతో పనిలేదు. ఆ శిల్పులకి తెలిసిన, వాళ్ళు గౌరవించిన కట్టడం కర్రది కాబట్టి దాన్నే రాతిలో చెక్కారు. కర్ర పేదవాడి తాత్కాలిక గూడన్న భావన వాళ్ళకి లేదు. కన్యాకుమారి జిల్లాలో పద్మనాభపురం కర్ర ప్యాలెస్ మన కన్నా ఎక్కువ వానలో, అదే చెద ఉన్న నేలలో వందల ఏళ్ళుగా నిలిచి ఉంది. తరతరాలుగా నూనె రాసి, పాడైన పలక మార్చి, కప్పు సరిచేశారు. కట్టడాన్ని నిలిపేది సంరక్షణ. కాంక్రీటు మనల్ని సంరక్షణ అక్కర్లేదన్న భ్రమలో పడేసింది. ఆ భ్రమ ఫలితం పెచ్చులూడే స్లాబులు.

ఇంకో మాట. ఏటా మన ఊళ్ళ నుంచి ఎందరో పిల్లలు అమెరికాకి చదువుకోడానికి వెళ్తున్నారు. వాళ్ళు అద్దెకుండే అపార్ట్‌మెంట్లలో చాలాభాగం కర్ర చట్రంతో కట్టినవే. అర్కాన్సాస్ యూనివర్సిటీ 2019లో 700 మందికి పైగా విద్యార్థులుండే అడోహీ హాల్‌ని కర్రతోనే కట్టింది. అక్కడ ఆ గదిలో కొడుకు ఉన్నాడని మనకి భయం లేదు. ఇక్కడ కూతురు కర్ర హాస్టల్లో ఉంటుందంటే మాత్రం ఒప్పుకోం. భయం కర్ర వల్ల వచ్చిందైతే అక్కడా ఉండాలి. లేదంటే అది భయం కాదు, కర్రిల్లు మన హోదాకి తక్కువన్న ఆలోచన.

అందుకే నా కోరిక సూటిగా ఇది. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమో, జేఎన్‌టీయూ గురజాడో, ఎచ్చెర్ల యూనివర్సిటీయో తమ తరవాతి విద్యార్థి భవనాన్ని, కనీసం ఒక రీడింగ్ హాల్‌నైనా, కర్రతో కట్టాలని తీర్మానించాలి. కర్ర రైతు తోట నుంచి మాత్రమే రావాలి, అడవి నుంచి ఒక్క దుంగ రాకూడదు. టెండరులో మొదటి ఖర్చుతో పాటు ముప్పై ఏళ్ళ నిర్వహణ ఖర్చు, క్యాంపస్‌లో పని సాగే రోజుల సంఖ్య కూడా మార్కులకు ఎక్కాలి. ఏటా తనిఖీకి బడ్జెట్‌లో వేరే పద్దు ఉండాలి. తేమ, చెద, కదలికల లెక్కలు ఏటా బహిరంగంగా ప్రకటించాలి. ఆ లెక్కలు కర్రకి వ్యతిరేకంగా వస్తే నేనే ముందు ఒప్పుకుంటాను. అవి రాకముందే, ఒక్క భవనమైనా కట్టకముందే కర్ర పనికిరాదని తీర్పు చెప్పే హక్కు మాత్రం ఎవరికీ లేదు. పరీక్షించకుండా నమ్మకూడదని పిల్లలకి నేర్పే చోటు యూనివర్సిటీ. తన భవనాల విషయంలో కూడా అది ఆ పాఠాన్నే పాటించాలి.